తిలంగా సిపాయి ఎమ్మెల్యే ఎందుకు కాలేదు?

(బందరు చరిత్ర, వాడ వైపు నుంచి: 11వ భాగం)

ఎన్నికలు దగ్గరపడితే క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: మిలటరీ వాళ్లు ఎన్నికల్లో నిలబడొచ్చా?

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. సర్వీసులో ఉండగా కుదరదు. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణ పార్లమెంటుకిచ్చింది. సైన్య నియమాల ప్రకారం జవాను పార్టీలో చేరకూడదు, పార్టీ సభకు పోకూడదు, ప్రచారం చేయకూడదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7) సెక్షను ప్రకారం, గెలుపు కోసం సైనికుల సాయం తీసుకున్న అభ్యర్థి అవినీతి చర్యకు పాల్పడ్డట్టే. ఓటు మాత్రం ఉంది, పోస్టల్ బ్యాలెట్ మీద వేయొచ్చు. రిటైరయ్యాకో, రాజీనామా ఇచ్చాకో అందరిలాగే అతనూ నామినేషన్ వేయొచ్చు.

ఇంత కట్టడి అవసరమా అంటే అవసరమే. తుపాకీ చేతిలో ఉన్నవాడు ఓటు కూడా అడిగితే ఏమవుతుందో పాకిస్తాన్, బర్మా ప్రజలను అడిగితే చెబుతారు. ఆ కట్టడితో నాకు పేచీ లేదు. నా ప్రశ్న ఆ తర్వాతది. పింఛను పుస్తకంతో ఊరికి తిరిగొచ్చిన సిపాయికి చట్టం తలుపు తీసే ఉంచింది. ఆ తలుపులోంచి ఎవరు లోపలికి పోయారు? బందరు, గుడివాడ, దివిసీమల్లో వాడ నుంచి పోయిన సిపాయి గడప దగ్గరే ఎందుకు ఆగిపోయాడు?

దీనికి జవాబు కావాలంటే బందరు కోట దగ్గర మొదలెట్టాలి.

కోటలో రెండు తిరుగుబాట్లు, రెండు న్యాయాలు

1759 ఏప్రిల్ 8 తెల్లారేసరికి కల్నల్ ఫోర్డ్ సేన ఫ్రెంచివాళ్ల చేతిలోంచి బందరు కోటను లాక్కుంది. పట్టుకున్నవాళ్ల కంటే లోపల పట్టుబడ్డవాళ్లే ఎక్కువ. ఈ దెబ్బతో ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివాళ్ల ఆశ తెగిపోయింది. ఈ కథ మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. పుస్తకంలో దొరల పేర్లుంటాయి. సిపాయిల పేర్లు మాత్రం ఉండవు.

పేర్లు లేకపోయినా ఒక మాట మిగిలింది. ఆ రోజుల్లో బెంగాల్‌లో, హిందుస్తాన్‌లో సిపాయిని 'తిలంగా' అనేవారు. క్లైవు వెంట మద్రాసు వైపు నుంచి వెళ్లిన తొలి సిపాయిల వల్ల వచ్చిన పేరది. తెలుగువాడు అన్నా సిపాయి అన్నా అక్కడి జనానికి ఒకటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకొస్తాం.

1809 జూన్‌లో ఇదే బందరులో ఇంకో ఘటన జరిగింది. మద్రాసు యూరోపియన్ రెజిమెంట్ అధికారులు తమ పై అధికారి లెఫ్టినెంట్ కల్నల్ ఇన్నిస్‌ను నిర్బంధించి, కోటను తమ చేతుల్లోకి తీసుకున్నారు. గవర్నరు జార్జి బార్లో మీద మద్రాసు సైన్యంలోని తెల్ల అధికారులకు ఉన్న కోపం అలా బయటపడింది. కోపానికి అసలు కారణం డబ్బు. గుడారాలు సమకూర్చే పేరుతో అధికారులకు వచ్చే కాంట్రాక్టు సొమ్మును ప్రభుత్వం రద్దు చేసింది. సర్దిచెప్పడానికి జాన్ మాల్కంను బందరు పంపారు. చివరికి కొద్దిమంది అధికారుల ఉద్యోగాలు పోయాయి, మిగతావాళ్లు కాలక్రమంలో క్షమాభిక్షలతో బయటపడ్డారు.

దీనికి మూడేళ్ల ముందే, 1806లో, వెల్లూరులో సిపాయిలు తిరగబడ్డారు. వాళ్లలో కొందరిని ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్చారు, కొందరిని కాల్చారు, కొందరిని ఉరితీశారు. మద్రాసు సైన్యమూ అదే, మద్రాసు ప్రభుత్వమూ అదే. శిక్ష మాత్రం ఒంటి రంగును బట్టి పడింది.

మాల్కం తర్వాత ఏమయ్యాడో కూడా చూడండి. 1831లో లాన్సెస్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. క్లైవు అంతకు ముందే ష్రూస్‌బరీ సభ్యుడు. ఇండియాలో ఉద్యోగం, ఇండియాలో సంపాదన, ఇంటికెళ్లాక పార్లమెంటు సీటు. సైనికుడు రాజకీయ నాయకుడయ్యే దారి దొరకు అంత నున్నగా ఉండేది. అదే సైన్యంలో నడుము విరిగేలా పనిచేసిన సిపాయికి ఊళ్లో రచ్చబండ మీద కూర్చునే హక్కు కూడా లేదు.

పింఛను అనే చిన్న స్వాతంత్ర్యం

అయినా వాడ నుంచి సైన్యంలోకి ఎందుకు పోయారు? జీతం కోసమనేది సగం జవాబే. కంటోన్మెంటులో జీతం నెలనెలా చేతికొస్తుంది. బూట్లు వేసుకోవచ్చు. పిల్లలకు బడి ఉంటుంది. అన్నిటికంటే పెద్దది, ముసలితనంలో పింఛను వస్తుంది. ఆ పింఛను ఊరి ఆసామి ఇచ్చేది కాదు. ఆసామికి కోపమొస్తే ఆగేదీ కాదు. పాలేరుతనం, వెట్టి తప్ప ఇంకో బతుకు లేని చోట, ఊరి దయతో పని లేని రాబడి అంటే అదే మొదటి స్వాతంత్ర్యం.

ఈ స్వాతంత్ర్యం రాజకీయంగా మారిన చోటు కొంకణం. గోపాల్ బాబా వలంగ్‌కర్ మహర్ కులస్తుడు, సైన్యంలో పనిచేసి 1886లో రిటైరయ్యాడు. దాపోలిలో స్థిరపడ్డాడు. 1888లో అంటరానితనం మీద ప్రశ్నలు గుప్పిస్తూ 'విటాళ విధ్వంసన్' అనే పుస్తకం వేశాడు. 1895లో ప్రభుత్వం ఆయన్ను మహద్ తాలూకా లోకల్ బోర్డుకు నామినేట్ చేసింది. పైకులాల సభ్యులు మండిపడ్డారు. ఒక మాజీ సిపాయి, అదీ మహర్, తమ పక్కన కుర్చీలో కూర్చోవడం వాళ్లకు మింగుడుపడలేదు. మూడు దశాబ్దాల తర్వాత, 1927లో, అదే మహద్‌లో చవదార్ చెరువు నీళ్ల కోసం అంబేద్కర్ సత్యాగ్రహం నడిపారు.

అంబేద్కర్ ఎవరి కొడుకో మనకందరికీ తెలుసు. సుబేదార్ రాంజీ సక్పాల్ సైన్యంలో బడిపంతులు. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. 1936లో ఆయన పెట్టిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ 1937 బొంబాయి ఎన్నికల్లో పోటీ చేసిన 17 స్థానాల్లో అత్యధికం గెలిచింది. ఆ గెలుపు నేలలో మహర్ సిపాయిల పింఛను ఇళ్లు, వాళ్లు చదివించిన పిల్లలు, వాళ్లు నేర్పిన క్రమశిక్షణ ఉన్నాయి. సమతా సైనిక్ దళ్ అనే పేరు ఊరికే రాలేదు.

ఓటు కొలబద్ద

మన విద్యార్థుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1919 చట్టం కింద ఓటు అందరికీ లేదు. భూమి శిస్తు, ఆస్తి పన్ను కట్టేవాళ్లకే ఓటు. ఆ లెక్కన వాడ మొత్తం జాబితా బయటే. కానీ ఆ నియమాల్లో ఒక కిటికీ ఉంది. సైన్యం నుంచి రిటైరైనా, పింఛను పుచ్చుకుంటున్నా, డిశ్చార్జి అయినా, ఆ సిపాయికి ఆస్తితో నిమిత్తం లేకుండా ఓటుంది. 1935 చట్టంలో ఇంకో అడుగు పడింది. సిపాయి పింఛను పొందే వితంతువుకు, తల్లికి కూడా ఓటొచ్చింది.

దీని అర్థం ఆలోచించండి. సెంటు భూమి లేని మనిషికి, అంటరానివాడికి, ఒంటి మీద ఒకప్పుడు వేసుకున్న యూనిఫాం ఓటు హక్కు ఇచ్చింది. ఊళ్లో పెద్ద రైతు పేరున్న జాబితాలోనే మిలటరీ పింఛనుదారు పేరూ ఉంటుంది.

1932 పూనా ఒడంబడికతో మద్రాసు శాసనసభలో దళితులకు 30 సీట్లు రిజర్వయ్యాయి. ఎన్నిక రెండు దశల్లో. మొదట దళిత ఓటర్లు మాత్రమే నలుగురిని ప్యానెల్‌గా ఎన్నుకోవాలి. తర్వాత ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లు కలిసి ఎన్నుకుంటారు. మొదటి దశలో దళిత ఓటర్లు కొద్దిమందే కాబట్టి ప్రతి పింఛనుదారు ఓటుకూ విలువ ఉండేది. రెండో దశలో మాత్రం పెత్తనం భూమి ఉన్న కులాల ఓట్లదే. మన కృష్ణా జిల్లా నుంచి ఎదిగిన వేముల కూర్మయ్య గారు కాంగ్రెస్ వైపు నుంచి వచ్చి 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఆయన సామర్థ్యం ఆయనది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ కాలపు ఎన్నికల పద్ధతిలో దళితుడు గెలవాలంటే పెద్ద పార్టీ నీడ కావాలి. సొంత కాళ్ల మీద నిలబడాలంటే సొంత ఓటర్లు కావాలి. మన డెల్టాలో ఆ సొంత ఓటరు, అంటే పింఛను ఉన్న సిపాయి, ఎక్కడికి పోయాడు?

తిలంగా అనే పేరు ఎలా చెరిగింది

ఇప్పుడు ఆ 'తిలంగా' మాట దగ్గరకు వద్దాం. 1881 నుంచి 1885 దాకా ఫ్రెడరిక్ రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి సేనాధిపతి. దక్షిణాది మనిషి యుద్ధానికి పనికిరాడని అతను తేల్చేశాడు. తర్వాత అతనే ఇండియా మొత్తానికి సేనాధిపతి అయ్యాడు. 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం ఊపందుకుంది. సిక్కులు, పఠాన్లు, గూర్ఖాలు యోధులట. తెలుగువాళ్లు, మహర్లు కారట. 1890లలో తెలుగువాళ్ల భర్తీ ఆగింది. 1892-93 ప్రాంతంలో మహర్లకూ తలుపు మూసేశారు. మద్రాసు రెజిమెంట్లు ఒక్కొక్కటే రద్దవుతూ వచ్చాయి. పలుగూ పారా పట్టే మద్రాస్ సాపర్స్ వంటి దళాల్లో మాత్రం దక్షిణాది అంటరాని కులాలకు చోటు మిగిలింది.

కారణం ధైర్యం తక్కువై కాదు, అది మీకూ తెలుసు. 1857 తర్వాత తెల్ల ప్రభుత్వానికి చెప్పినమాట వినే, భూమితో కట్టిపడేయగల కులాలు కావాలి. పైకులాల సిపాయిలు అంటరాని సుబేదారుకు సెల్యూట్ కొట్టడం ఇబ్బందిగా మారింది. కుల వ్యవస్థకూ సామ్రాజ్యానికీ లెక్క కుదిరింది.

ఇది ఎంత ఖరీదైన దెబ్బో తేదీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1890లలో భర్తీ ఆగింది. 1919లో, 1935లో మాజీ సిపాయికి ఓటొచ్చింది. ఓటు వచ్చేనాటికి తెలుగు వాడల్లో పాత పింఛనుదారుల తరం కాలం చేసింది, కొత్త తరం పుట్టలేదు. కిటికీ తెరిచేసరికి దాని ముందు నిలబడాల్సిన మనిషి లేడు.

పంజాబుతో పోల్చండి. అక్కడ యుద్ధ జాతులని పేరుపెట్టిన రైతు కులాల సైనికులకు కాలువల కింద భూములిచ్చారు. 1900 నాటి భూ బదిలీ చట్టం ఆ భూమిని 'వ్యవసాయ తెగల' చేతుల్లోనే ఉంచింది. దళితులను ఆ తెగల జాబితాలో చేర్చలేదు, కాబట్టి వాళ్లు పొలం కొనుక్కునే దారి మూసుకుపోయింది. సైన్యం, భూమి, ఓటు మూడూ ఒకే చేతిలో పడ్డాయి. ఫలితం యూనియనిస్టు పార్టీ. 1937లో పంజాబు ప్రధాని అయిన సికందర్ హయత్ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాధికారి.

కొంకణంలో పింఛను, చదువు, సంఘం కలిసి అంబేద్కర్ పార్టీకి నేల అయ్యాయి. పంజాబులో పింఛను, భూమి కలిసి ప్రభుత్వమే అయ్యింది. కృష్ణా డెల్టా వాడలో పింఛను తెగిపోయింది, భూమి లేనేలేదు. యూనిఫాం ఒక్కటే నాయకుణ్ని చేయదు. దాని వెనక ఊరి దయ మీద ఆధారపడని రాబడి, నిలబెట్టే సంఘం ఉండాలి.

డెల్టాలో టికెట్ ఎవరిది?

1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువ నీళ్లతో బందరు, గుడివాడ, దివి తాలూకాల పొలం బంగారమైంది. ఆ బంగారం ఎవరి పట్టాలోకి పోయిందో చెప్పనక్కర్లేదు. దివిసీమలో చల్లపల్లి జమీందారీ, గుడివాడ వైపు పెద్ద రైతు కుటుంబాలు. స్వాతంత్ర్యం తర్వాత ఎన్నికల్లో అభ్యర్థిని తేల్చింది ఆ పట్టాలే.

ఈ నేల నుంచి వెళ్లిన సైనికుల్లో అందరికీ తెలిసిన పేరు పింగళి వెంకయ్య. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టి, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి బ్రిటిష్ సైన్యంతో వెళ్లినవాడు. 1921లో బెజవాడలో గాంధీకి జెండా నమూనా ఇచ్చాడు. దేశమంతా ఆ జెండా పట్టుకుంది. 1963లో పేదరికంలోనే ఆయన కన్నుమూశాడు. బ్రాహ్మణుడై, కాంగ్రెస్ మధ్యలో తిరిగి, జెండా ఇచ్చిన మాజీ సైనికుడికే రాజకీయం ఏ పదవీ ఇవ్వలేదంటే, వాడ నుంచి పోయిన అనామక జవాను సంగతి చెప్పేదేముంది?

మచిలీపట్నం లోక్‌సభ జాబితా తిరగేయండి. 1952లో కమ్యూనిస్టు సనకా బుచ్చికోటయ్య. ఆ తర్వాత ఏళ్లలో చల్లపల్లి జమీందారీ కుటుంబం నుంచి అంకినీడు ప్రసాద్, పారిశ్రామికవేత్త కావూరి సాంబశివరావు, 1996లో సినిమా నటుడు కైకాల సత్యనారాయణ. సైన్యంలో పనిచేసి వచ్చి, ఆ గుర్తింపు మీదే ఓటడిగి గెలిచిన పేరు ఆ జాబితాలో కనిపించదు.

కానీ యూనిఫాం బొమ్మకు మాత్రం ఇక్కడ గిరాకీ తగ్గలేదు. గుడివాడ నుంచి 1983లోనూ 1985లోనూ గెలిచిన ఎన్టీఆర్, 1993లో 'మేజర్ చంద్రకాంత్' సినిమాలో సైన్యాధికారి వేషం వేశారు. 1994 ఎన్నికల్లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సినిమా వల్లే గెలిచారని నేననను. వెండితెర మీది మేజరుకు జనం కొట్టిన చప్పట్లు, ఊళ్లో ఉన్న నిజం హవల్దారుకు ఏ పార్టీ ఆఫీసులోనూ వినపడలేదని మాత్రం అంటాను. 2024లో బందరు లోక్‌సభ స్థానాన్నీ అవనిగడ్డ అసెంబ్లీనీ గెలిచిన పార్టీ పేరులోనే 'సేన' ఉంది. దాని కార్యకర్తలను సైనికులనే పిలుస్తారు. గెలిచిన బాలశౌరి, మండలి బుద్ధప్రసాద్ ఇద్దరూ పాత రాజకీయ నాయకులే. ఒక్క పార్టీని అని లాభం లేదు. సైన్యం మాట అందరికీ కావాలి. సైనికుడు ఎవరికీ అక్కర్లేదు.

దివిసీమ వాళ్లకు సైన్యం అంటే ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత శవాల మధ్య జనం చూసిన యూనిఫాంలు సహాయానికి వచ్చినవే. వాళ్లు పని చేసి వెళ్లిపోయారు. పునర్నిర్మాణం చుట్టూ పెరిగిన పలుకుబడి స్థానిక నాయకత్వానికి మిగిలింది. సైనికుడు ఊరికి వస్తాడు, పోతాడు. రాజకీయం ఊళ్లో ఉన్నవాడిది.

జనరల్‌కు టికెట్, జవానుకు పోస్టర్

ఇంకా చూడాల్సింది హోదా. దేశానికి తొలి భారతీయ సేనాధిపతి కరియప్ప 1971లో బొంబాయి నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయాడు. తర్వాత పార్టీలు తెలివి మీరాయి. 2014లో మాజీ సేనాధిపతి వి.కె. సింగ్ ఘాజియాబాద్ నుంచి 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచి మంత్రి అయ్యాడు. తెలంగాణలో కెప్టెన్ లక్ష్మీకాంతరావు 2004లో హుజూరాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. మిగ్ విమానాలు నడిపిన ఉత్తమ్ కుమార్ రెడ్డి 1999లో కోదాడ నుంచి మొదలుపెట్టి పీసీసీ అధ్యక్షుడు, మంత్రి అయ్యారు. వీళ్ల సర్వీసును గౌరవించాల్సిందే. అయితే వీళ్లంతా అధికారులు. తెలంగాణ ఇద్దరూ భూమి చేతిలో ఉన్న కులాలవాళ్లు.

అటు తేజ్ బహదూర్ యాదవ్‌ను చూడండి. సరిహద్దు భద్రతా దళంలో కానిస్టేబుల్. 2017లో తమకు పెడుతున్న తిండి ఎలా ఉందో వీడియో తీసి పెట్టాడు. ఉద్యోగం పోయింది. 2019లో వారణాసిలో సమాజ్‌వాదీ పార్టీ తరఫున నామినేషన్ వేస్తే, తొలగింపునకు కారణం అవినీతో దేశద్రోహమో కాదని సర్టిఫికెట్ తేలేదని దాన్ని తిరస్కరించారు. ఆ ఏడాదే ప్రచార పోస్టర్లలో సైనికుల ఫొటోలు వాడొద్దని ఎన్నికల సంఘం పార్టీలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పోస్టరు మీద జవాను బొమ్మ ముద్దు. బ్యాలెట్ మీద జవాను పేరు చేదు.

ఇక దళితుడి సంగతి. సైనిక దళాల భర్తీలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. 1943లో పెట్టిన చమార్ రెజిమెంట్‌ను 1946లోనే రద్దు చేశారు. జగ్జీవన్ రాం రక్షణ మంత్రిగా ఉండగానే 1971 యుద్ధం గెలిచాం, అది మన చరిత్రలో గర్వపడాల్సిన పేజీ. కానీ ఆయన రాజకీయం గుండా సైన్యం దగ్గరకు వెళ్లాడు. సైన్యం గుండా రాజకీయంలోకి వచ్చే దారి మనవాళ్లకు ఇంకా సన్నగానే ఉంది.

పింఛను పోతే ఏం పోతుంది

ఇదంతా ఇప్పుడెందుకు? పొద్దున్నే గ్రౌండులో 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే మన తమ్ముళ్ల కోసం. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ ప్రకారం నాలుగేళ్ల సర్వీసు. నూటికి 25 మందికి మించి కొనసాగరు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికొస్తారు. పింఛను లేదు.

చాలామంది దీన్ని ఉద్యోగ సమస్యగా చూస్తున్నారు. వాడ వైపు నుంచి చూస్తే ఇది రాజకీయ సమస్య కూడా. వలంగ్‌కర్‌ను నిలబెట్టింది పింఛను. ఓటు లేని కాలంలో వాడకు ఓటు తెచ్చింది మిలటరీ సర్వీసు. ఊరి ఆసామి గుమ్మం దగ్గర చేయి చాచకుండా బతికే రాబడే మనవాడి గొంతుకు బలం. పాతికేళ్లు నిండకముందే ఇంటికొచ్చి, ఆ డబ్బు అక్క పెళ్లికో అప్పుకో పోయాక, అగ్నివీర్ మళ్లీ ఎవరి రొయ్యల చెరువు మీద కాపలాకు పోతాడు? ఆ చెరువు ఆసామి మీద పంచాయతీలో పోటీకి ఎలా నిలబడతాడు? 1890లలో రాబర్ట్స్ మూసిన తలుపు వాడకు ఎంత నష్టం తెచ్చిందో యాభై ఏళ్లకు గానీ తెలియలేదు. ఈసారి అంతకాలం ఆగి తెలుసుకోవాల్సిన పని లేదు.

చేయాల్సింది కూడా చరిత్రే చెబుతోంది. కాన్షీరాం రక్షణ శాఖ పరిశోధనశాలలో ఉద్యోగి. సర్వీసులో ఉన్న ఉద్యోగి పోటీ చేయలేడని ఆయనకు తెలుసు. అందుకే 1978లో బామ్‌సెఫ్ పెట్టి ఉద్యోగుల జీతాన్ని, తెలివిని, సమయాన్ని సమాజానికి తిప్పారు. 1984లో పార్టీ దాని తర్వాతే వచ్చింది. మన ఊళ్లలో ఇంకా పింఛను తీసుకుంటున్న మాజీ జవాన్లున్నారు. వాళ్లను ఆగస్టు 15న జెండా ఎగరేయడానికి పిలిచి, శాలువా కప్పి పంపేస్తున్నాం. పిలవాల్సింది అంబేద్కర్ సంఘం లెక్కలు చూడమని, పిల్లలకు చదువు చెప్పమని, వార్డు మెంబరుగా నిలబడమని. పామర్రు రిజర్వుడు సీటు గురించి అయిదేళ్లకోసారి మాట్లాడుకునే మనం, అయిదేళ్లూ పనికొచ్చే ఈ మనుషులను గుర్తించాలి.

అగ్నివీర్‌గా వెళ్లే తమ్ముడికి కూడా ఒక మాట. వెళ్లు, ధైర్యంగా వెళ్లు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రాజకీయాలకు దూరంగా ఉండు, అది నియమం, మంచి నియమం. ఆ నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి చెయ్యి. తిరిగొచ్చాక చెరువు కాపలాకు మాత్రం పోవద్దు.

వచ్చే భాగంలో పూనా ఒడంబడిక ప్యానెల్ ఎన్నికలు 1937లో ఎలా నడిచాయో, ఎందుకు చాలాచోట్ల అవి జరగకుండానే సీట్లు తేలిపోయాయో మాట్లాడుకుందాం. మీ ఊళ్లో పాత మిలటరీ తాతల కథలుంటే వాళ్లను కూర్చోబెట్టి రాసిపెట్టండి. వాళ్ల పేర్లు కోట గోడల మీద లేవు, కనీసం మన నోటుబుక్కుల్లో ఉండాలి.

జై భీమ్.